చలికాలం కూరగాయల మడి: సమస్య - పరిష్కారం

చలికాలంలో మొక్క కాస్త డీలా పడితే చాలు, చెయ్యి నీళ్ల పైపు మీదికో మందు సీసా మీదికో పోతుంది. ఆ రెండూ తర్వాత. ముందు మొక్క మొదట్లో చూపుడు వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి. పగలు చిన్నదై ఎండ పలచబడిన ఈ నెలల్లో నేల మెల్లగా ఆరుతుంది, వేరు మెల్లగా తాగుతుంది. నేను చూసిన చలికాలపు సమస్యల్లో సగానికి పైగా నీళ్ల దగ్గరే మొదలయ్యాయి. ఎక్కువైన నీళ్లు కొన్ని, వేళకాని వేళ పోసినవి కొన్ని.

కింది ఆకులు పసుపుబారి, మొక్క వాడింది

వేలికి తడి మట్టి అంటుకుంటే కారణం తెలిసినట్టే. మట్టిలో గాలి ఉండాల్సిన చోట నీరు నిలిచి వేరుకు ఊపిరాడడం లేదు. వేరు పనిచేయకపోతే తడిలో ఉన్న మొక్క కూడా దాహంతో ఉన్నట్టే వాడుతుంది. అది చూసి మళ్లీ నీళ్లు పోస్తే ఇక కోలుకోదు. వేలు లోతు వరకు మట్టి పొడిబారే దాకా నీళ్లు ఆపండి. పైమట్టిని వేర్లు తెగకుండా గుల్ల చేయండి, నీరు నిలిచే మడికి ఒక పక్కన చిన్న కాలువ తీయండి.

తడి సరిపడా ఉండి, ఆకులు కింది నుంచి వరసగా పాలిపోతూ వస్తుంటే నత్రజని తక్కువైందని అనుకోవచ్చు. చల్లటి నేలలో సూక్ష్మజీవులు మందకొడిగా ఉంటాయి, పశువుల ఎరువు కరిగి అందడం ఆలస్యమవుతుంది. అప్పుడు పలచగా కలిపిన ద్రవ ఎరువు త్వరగా పనిచేస్తుంది.

నారు మొదలు దగ్గర సన్నబడి ఒరిగిపోతోంది

ఇది నారుకుళ్లు. విత్తనం ఒత్తుగా చల్లి, పైన రోజూ నీళ్లు చిలకరించే మడిలోనే ఎక్కువ. ఒరిగిన మొక్క బతకదు. దాన్ని చుట్టూ ఉన్న కాస్త మట్టితో సహా తీసేయండి. మిగిలిన నారును పలచన చేసి గాలి, వెలుతురు తగిలేలా చూడండి. వ్యాపిస్తుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. మళ్లీ విత్తేటప్పుడు ఎత్తు మడి కట్టి, విత్తనానికి ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం) పట్టించండి.

ఆకుల మీద తెల్లగా ఏదో పట్టింది

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆకు పైన బూడిద చల్లినట్టుండి, వేలితో రాస్తే చేతికి అంటితే అది బూడిద తెగులు. ఆకు పైన పసుపు మచ్చలు, తిప్పి చూస్తే సరిగ్గా వాటి అడుగున తెల్లగానో బూడిద రంగులోనో నూగు ఉంటే బూజు తెగులు. పేర్లు దగ్గరగా ఉన్నా నడత వేరు. బూజు తెగులుకు ఆకు మీద తడి కావాలి. సాయంత్రం తలమీదుగా పోసిన నీరు తెల్లారే దాకా ఆకు మీదే ఉండి దాన్ని పెంచుతుంది. బూడిద తెగులుకు ఆ తడి అక్కర్లేదు. పొడి ఆకు మీద కూడా వస్తుంది, నీడ, ఒత్తు, గాలిలో తేమ ఉంటే చాలు.

బూజు తెగులు కనబడితే నీళ్లు ఉదయానికి మార్చి, మొదట్లోనే పోయండి. బూడిద తెగులుకు పట్టిన ఆకులు తుంచి, గాలి ఆడేలా చేసి, లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం పిచికారీ చేయండి. తీగజాతి మొక్కల్లో కొన్నిటికి గంధకం పడదు, ముందు రెండు ఆకుల మీద కొట్టి ఒకట్రెండు రోజులు ఆగండి.

టమాటా ఆకులు అడుగున ఊదారంగుకు తిరిగాయి

భాస్వరం అందడం లేదు. అలాగని నేలలో లేదనుకోవద్దు, మట్టి చల్లగా ఉన్నప్పుడు వేరు దాన్ని తీసుకోలేదు. ఎరువు గుమ్మరించడం వృథా. నేల వెచ్చబడితే కొత్త ఆకులు పచ్చగానే వస్తాయి.

పూత రాలడం కూడా ఈ చలి పనే. రాత్రి ఉష్ణోగ్రత 13 డిగ్రీల కిందికి దిగితే పుప్పొడి సరిగా తయారవదు, కాయ నిలవదు. మందులతో పనిలేదు. ఇప్పటికే తయారై రంగు తిరగడం మొదలైన కాయల్ని కోసి ఇంట్లో పెట్టండి, ఎండ లేకపోయినా పండుతాయి.

కాలీఫ్లవర్ గుండీ అంత పువ్వు వేసి ఆగిపోయింది

మనసు కష్టపెట్టే సమస్య ఇది, ఎందుకంటే కనబడే సరికి చేయగలిగింది లేదు. మొక్క ఆకు పెంచుకోవాల్సిన వయసులో దెబ్బ తింది. ముదురు నారు నాటడం, నత్రజని చాలకపోవడం, ఆ కాలానికి సరిపడని రకం ఎంచుకోవడం, వీటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. వచ్చిన పువ్వు కోసుకుని ఆ చోటు ఖాళీ చేయండి. ఈసారి 4 నుంచి 5 వారాల నారు నాటి, మొదటి నెలలో ఎరువుకు, తడికి లోటు రానివ్వకండి.

కాండం లోపల గుల్లయి, పువ్వు మీద గోధుమరంగు మచ్చలు వస్తే బోరాన్ లోపం అయ్యుండొచ్చు. బోరాన్ అందించే బోరాక్స్ చిటికెడు ఎక్కువైనా మొక్కకు విషమే, కాబట్టి మట్టి పరీక్ష చేయించాకే వేయండి.

చిగుళ్లు ముడుచుకుని జిగటగా ఉన్నాయి

పేనుబంక. నీటి ధారతో గట్టిగా కొట్టి దులపండి. మూడు రోజుల తర్వాత మళ్లీ కొట్టండి. తగ్గకపోతే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగున పడేలా చల్లండి.

తెల్లారేసరికి ఆకులు ఉడకబెట్టినట్టు నల్లబడ్డాయి

రాత్రి గడ్డకట్టే చలి తగిలింది. దెబ్బతిన్న ఆకుల్ని వెంటనే కత్తిరించకండి. కొన్ని రోజులు ఆగితే ఎంతవరకు ప్రాణం ఉందో చిగుళ్లే చూపిస్తాయి. మళ్లీ అలాంటి రాత్రి వస్తుందని తెలిస్తే ముందురోజు మధ్యాహ్నమే ఆకు తడవకుండా నేల తడపండి. తడి నేల పగటి వేడిని పొడి నేల కన్నా ఎక్కువగా దాచుకుని రాత్రంతా వదులుతుంది. పొద్దు వాలకముందే గుడ్డ కప్పి, అంచులు నేలకు ఆనేలా రాళ్లు పెట్టండి. కింద నాలుగు పుల్లలు పాతితే గుడ్డ ఆకును తాకదు. ఎండ రాగానే తీసేయండి.