క్రోషేలో తప్పు ఒకచోట, కనిపించేది మరోచోట

క్రోషే అల్లికలో అసలు చిక్కు ఏమిటంటే, తప్పు జరిగిన చోట కనిపించదు. మూడో చుట్టు నుంచి కుట్లు ఎక్కువవుతూ వస్తే ఆరో చుట్టులోనో ఏడో చుట్టులోనో అంచు అలలు తిరుగుతుంది. కొట్లో ట్యూబులైటు కింద మెరిసిపోయిన రంగు ఇంటి వరండాలో వెలవెలబోతుంది. అందుకే చెడిన చోట సర్దుబాట్లు చేస్తూ కూర్చోకుండా, వెనక్కి వెళ్లి కారణం పట్టుకోవాలి. ఈ పనిలో ఒక వెసులుబాటు ఉంది. ప్రతి కుట్టూ పూర్తయ్యాక సూది మీద మిగిలేది ఒకే ఒక్క లూపు. కొస పట్టుకుని లాగితే తప్పు దాకా విప్పుకోవచ్చు, దారం ఎక్కడికీ పోదు. విప్పడానికి మొహమాటపడేవాళ్ల అల్లికల్లోనే ఎక్కువ తప్పులు మిగిలిపోతాయి.

గుండ్రంగా అల్లుతుంటే గిన్నెలా లేస్తోంది, లేదా అంచు అలలు తిరుగుతోంది

రెండూ ఒకే జబ్బుకి రెండు ముఖాలు. గిన్నెలా లేస్తే చుట్టుకు కలపాల్సిన కుట్లు తగ్గాయి, అలలు తిరిగితే ఎక్కువయ్యాయి. వృత్తం పెరిగేకొద్దీ దాని చుట్టుకొలత ఒక లెక్క ప్రకారం పెరగాలి. ఆ పెరుగుదల కుట్టు ఎత్తును బట్టి ఉంటుంది. సింగిల్ కుట్టు పొట్టిది కాబట్టి చుట్టుకు 6 కలిపితే చాలు: 6, 12, 18, 24, 30. హాఫ్ డబుల్‌కు సుమారు 8. డబుల్ కుట్టు పొడుగు కాబట్టి 12: అంటే 12, 24, 36, 48.

ముందు సూది పక్కన పెట్టి, అల్లికను బల్ల మీద పరిచి, చివరి చుట్టు కుట్లు లెక్కపెట్టండి. సింగిల్‌తో ఐదో చుట్టులో ఉండి 30 రాకపోతే కారణం దొరికినట్టే. నాలుగో చుట్టు లెక్క చూడండి, అది సరిపోతే అక్కడిదాకా మాత్రమే విప్పండి. లెక్క సరిగ్గా ఉన్నా గిన్నెలా లేస్తుంటే అప్పుడు చేతి బిగువును అనుమానించాలి. అర మిల్లీమీటరు పెద్ద సూది తీసుకుంటే సాధారణంగా సర్దుకుంటుంది.

వృత్తం బదులు ఆరు మూలల ఆకారం వస్తోందా? ప్రతి చుట్టులోనూ పెంచే కుట్టు కింది పెంపు మీదే పడుతోందన్నమాట. పెంపుల సంఖ్య మార్చకుండా, ఒక్కో చుట్టులో వాటిని రెండు మూడు కుట్లు పక్కకు జరపండి.

తిన్నగా అల్లుతున్న శాలువా వరుస వరుసకీ సన్నబడుతోంది

దాదాపు ఎప్పుడూ వరుసలోని చివరి కుట్టే తప్పిపోతుంది. అది వెనక్కి ఒరిగి, వరుస తిప్పేటప్పుడు వేసే మలుపు గొలుసు చాటున దాక్కుంటుంది. సింగిల్ వరుసలో మలుపుకు వేసే ఒక గొలుసును సాధారణంగా కుట్టుగా లెక్కించరు. డబుల్ వరుసలో వేసే మూడు గొలుసులను మాత్రం మొదటి కుట్టుగా లెక్కిస్తారు. ఈ తేడా తెలియక ఒకచోట కుట్టు కలుస్తుంది, ఇంకోచోట పోతుంది. ప్రతి వరుసలో మొదటి కుట్టుకీ చివరి కుట్టుకీ ఒక్కో పిన్నీసు తగిలించండి. తిరిగి వచ్చేటప్పుడు పిన్నీసు ఉన్న కుట్టులోకి సూది దిగాల్సిందే. పది వరుసలయ్యాక కన్నే ఆ కుట్టును గుర్తుపడుతుంది, పిన్నీసు అవసరం ఉండదు.

అడుగు అంచు ఒక్కటే విల్లులా వంగి, పైన అంతా బాగుంటే అది వేరే కారణం. అల్లిక మొదలుపెట్టిన గొలుసు బిగుసుకుంది. గొలుసు వరకు ఒక సైజు పెద్ద సూదితో వేసి, తర్వాత మామూలు సూదికి రండి.

నమూనాలో చెప్పిన కొలత రావడం లేదు

అసలు పనికి ముందు కొలత చూసుకోవడానికి పది సెంటీమీటర్ల ముక్క అల్లమంటే చాలామందికి విసుగు. ఒక్క లెక్క చూస్తే ఆ విసుగు తగ్గుతుంది. 10 సెంటీమీటర్లకు 16 కుట్లు రావాలని రాసి ఉంది, మీ చేతికి 20 వచ్చాయనుకోండి. 80 కుట్లతో 50 సెంటీమీటర్లు ఉండాల్సిన వెడల్పు మీకు 40 దగ్గరే ఆగుతుంది. పాప కోసం మొదలుపెట్టిన స్వెటరు బొమ్మకు సరిపోతుంది. కుట్లు ఎక్కువ వస్తే సూది పెంచండి, తక్కువ వస్తే తగ్గించండి. నూలు దారమైతే ముక్కను ఒకసారి ఉతికి, ఆరాక కొలవండి.

కొలత మరీ అన్యాయంగా తేడా వస్తే, ఆ నమూనా ఏ దేశం పద్ధతిలో రాశారో చూడండి. అమెరికాలో సింగిల్ అనేదాన్నే బ్రిటన్‌లో డబుల్ అంటారు. అమెరికా డబుల్ అక్కడ ట్రెబుల్ అవుతుంది. గుర్తుపట్టడం తేలికే. నమూనాలో ఎక్కడైనా సింగిల్ అన్న కుట్టు కనిపిస్తే అది అమెరికా పద్ధతి, బ్రిటిష్ పద్ధతిలో ఆ పేరుతో కుట్టు లేదు. ఇక్కడ నేను వాడుతున్నవి అమెరికా పేర్లే.

దారం నంబర్లు కూడా తికమక పెడతాయి. లేసు దారంలో నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 10 నంబరు కంటే 40 నంబరు చాలా సన్నం.

ఊలు అని కొన్నది వేడి గిన్నె పట్టుకోగానే కరిగింది

మన కొట్లలో ఊలు ఉండ అని ఇచ్చేది ఎక్కువగా అక్రిలిక్. అందులో గొర్రె బొచ్చు వెంట్రుక కూడా ఉండదు. శాలువాకీ, బొమ్మలకీ, దుప్పటికీ అది చక్కగా పనికొస్తుంది, రంగులూ బోలెడు. పొయ్యి దగ్గర వాడే వాటికి మాత్రం వద్దు. వేడి గిన్నెలు దింపే మసిగుడ్డకు, గిన్నె కింద వేసే చుట్టకు నూలు దారమే వాడాలి.

లేబులు లేని ఉండ దేనితో చేసిందో తెలియకపోతే అంగుళం ముక్కను పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద, కిటికీ తీసిపెట్టి కాల్చి చూడండి. కాగితం కాలిన వాసనతో బూడిద రాలితే నూలు. జుట్టు కాలిన వాసన వచ్చి, మిగిలిన మసి వేళ్ల మధ్య పొడి అయితే అసలైన ఊలు. కరిగి, చల్లారాక గట్టి నల్లపూస మిగిలితే అక్రిలిక్. ఆ పూసను వెంటనే ముట్టుకోకండి, చర్మానికి అంటుకుంటుంది. అక్రిలిక్ అల్లిక మీద ఇస్త్రీ పెట్టె ఆనించినా ఇదే గతి. కుట్లు చదునైపోయి మెరుపెక్కుతాయి, మళ్లీ పొంగవు.

రంగులు విడివిడిగా ఎంతో బాగున్నాయి, కలిపి అల్లితే మురికిగా ఉంది

రంగులు కలవలేదు అని మనం అనే సందర్భాల్లో సగానికి పైగా రంగుల తప్పు ఉండదు, వాటి ముదురు లేతల్లో తేడా చాలకపోవడమే కారణం. ఇటుక ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన పెడితే పేరుకు ఎదురెదురు రంగులు. రెండూ ఒకే ముదురులో ఉంటే రెండు గజాల దూరం నుంచి చూసినప్పుడు డిజైనే కనిపించదు. పరీక్ష మీ చేతిలోనే ఉంది. ఉండలన్నీ పగటి వెలుగులో వరసగా పెట్టి ఫోనుతో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. ఏ రెండు ఉండలు ఒకే బూడిద రంగులో కనిపిస్తాయో అవి పక్కపక్కన ఉండకూడదు. ఒకదాన్ని మార్చనక్కర్లేదు, దాని లేత ఛాయనో ముదురు ఛాయనో తెచ్చుకుంటే చాలు.

రెండో కారణం గళ్ల పరిమాణం. ఎరుపు ఒక కుట్టు, ఆకుపచ్చ ఒక కుట్టు చొప్పున మార్చి మార్చి వేస్తే దూరం నుంచి కన్ను ఆ రెండింటినీ కలిపేసి మట్టి రంగు చూపిస్తుంది. అవే రంగులు నాలుగేసి వరుసల పట్టీలుగా వేయండి, రెండూ నిలబడతాయి. పట్టీల మధ్య మీగడ రంగుతో ఒక్క వరుస పోనిస్తే ఇంకా తేలుతాయి. మన చీరల్లో ఒంటి రంగుకీ అంచుకీ మధ్య సన్నటి జరీ గీత చేసే పని ఇదే. రంగుల జతలకు ఇంటి బీరువాకు మించిన పుస్తకం లేదు. వంగపండు రంగుకు ఆవపసుపు, నెమలి కంఠానికి కుంకుమ, గంధం రంగుకు నేరేడు. ఏ చీర చూడగానే కన్ను ఆగుతుందో ఆ చీరలో ఏ రంగు ఎంత ఉందో గమనించండి. మూడు రంగులు సమానంగా పంచితే ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. ఒకటి దండిగా, ఒకటి అందులో సగం, మూడోది చిటికెడు వేసి చూడండి.

అల్లే ముందు ఇంకో పని చేయవచ్చు. పెళ్లి శుభలేఖ అట్టను రెండంగుళాల పట్టీగా కత్తిరించి, అనుకున్న క్రమంలో, అనుకున్న పాళ్లలో దారాలు దాని మీద చుట్టండి. ఐదు నిమిషాల్లో దుప్పటి ఎలా ఉంటుందో కనిపిస్తుంది. దాన్ని పగలు కిటికీ దగ్గర, రాత్రి దీపం కింద రెండుసార్లు చూడండి. ఒక వెలుగులో ఒకేలా ఉన్న రెండు నీలాలు ఇంకో వెలుగులో విడిపోతాయి.

కష్టపడి వేసిన డిజైన్ కనిపించడం లేదు

రంగులు మారే దారంతో పూలూ ఆకులూ ఉన్న లేసు అల్లితే ఇలాగే అవుతుంది. దారం అరుస్తుంటే కుట్టు మాట వినపడదు. గోదావరి ఒడ్డున నర్సాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్లు తరతరాలుగా అల్లుతున్న లేసులో తెలుపు, మీగడ రంగు దారాలదే పెద్దపీట. అక్కడ డిజైన్ అంతా ఖాళీల్లో ఉంటుంది. ఒకే రంగు దారం వల్లే ఆ ఖాళీలు పూలుగా కనిపిస్తాయి. ఆ నర్సాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రంగురంగుల దారం చేతిలో ఉంటే సాదా సింగిల్ వేయండి. పూలు అల్లాలనుకుంటే ఒకే రంగు దారం తీసుకోండి.

రంగులు మారే దారం సాదా అల్లికలోనూ ఒక్కోసారి మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఆ దారంలో రంగులు ఒక నిర్ణీత పొడవుకు తిరిగి వస్తాయి. మీ వరుసకు పట్టే దారం పొడవు దానితో తూగితే ఒకే రంగు ఒకే చోట పేరుకుంటుంది. వరుసలో నాలుగైదు కుట్లు పెంచితే లేదా తగ్గిస్తే ఆ తూకం చెదురుతుంది. అది కుదరకపోతే రెండు ఉండలు పెట్టుకుని రెండేసి వరుసలకు ఒకటి మార్చండి. కొందరు ఈ తూకాన్నే పట్టుకుని, కావాలని గళ్లు తెప్పిస్తారు. అది మంచి ఆట, ఓపిక ఉన్నప్పుడు ఆడాల్సింది.

దుప్పటి మధ్యలో అడ్డంగా ఒక గీత కనిపించి, అక్కడి నుంచి రంగు పిసరంత మారితే కొత్త ఉండ వేరే రంగు తొట్టిలోంచి వచ్చిందని అర్థం. లేబులు మీద రంగు నంబరు పక్కనే డై లాట్ నంబరు ఉంటుంది. ఉండలన్నింటికీ అది ఒకటే ఉందో లేదో కొట్లోనే చూసుకోండి, ఒక ఉండ ఎక్కువే కొనండి. ఇప్పటికే వేరేది వచ్చేసి ఉంటే పైన చెప్పిన రెండేసి వరుసల ఉపాయమే ఇక్కడా. పాత ఉండ అయిపోకముందే మొదలుపెట్టాలి.

రంగు మార్చిన చోట పాత రంగు చుక్కలా మిగులుతోంది

కొత్త రంగును కొత్త కుట్టుతో మొదలుపెట్టడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. కుట్టు తల దాని ముందు కుట్టు చివరి లూపుతో తయారవుతుంది. కాబట్టి రంగు ఒక అడుగు ముందే మారాలి. పాత రంగు ఆఖరి సింగిల్‌లో సూది గుచ్చి, దారం లాగి, సూది మీద రెండు లూపులు ఉన్నప్పుడు ఆగండి. పాత దారం వదిలేసి, కొత్త రంగును కొక్కేనికి తగిలించి, ఆ రెండు లూపుల్లోంచి లాగండి. ఇప్పుడు సూది మీద ఉన్న లూపు కొత్త రంగుది, తర్వాతి కుట్టు తల శుభ్రంగా వస్తుంది. డబుల్‌లోనూ అంతే, చివరి రెండు లూపుల దగ్గర మార్చాలి.

వాడని రంగును కుట్ల లోపల దాచి తీసుకెళ్తుంటే, ముదురు దారం లేత కుట్ల సందుల్లోంచి తొంగిచూస్తుంది. సూది ఒక సైజు తగ్గించి కుట్లు దగ్గరగా వేయండి. పట్టీ వెడల్పుగా ఉంటే మోసుకెళ్లకుండా తెంపేయడమే నయం. తెంపిన కొసలు 15 సెంటీమీటర్లు వదిలి, మొండి మొన సూదితో ఒకవైపు పోనిచ్చి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తీసుకురావాలి. ఒకే వైపు లాగి కత్తిరిస్తే రెండో ఉతుక్కే బయటికి వస్తాయి, నున్నటి మెర్సరైజ్డ్ నూలైతే ఇంకా ముందే.

ఉతకగానే ఎరుపు తెలుపులోకి దిగింది

నూలుకు వేసిన రంగులో పట్టనిది కొంత దారం మీదే ఉండిపోతుంది. ముదురు ఎరుపు, ముదురు నీలం, నలుపు దారాలను ఎప్పుడూ అనుమానించండి. జానెడు ముక్క తడిపి, తెల్ల గుడ్డ మడతలో పెట్టి గట్టిగా నొక్కండి. గుడ్డకు అంటితే ఆ ఉండను విప్పి వదులు చిలపగా, అంటే పెద్ద దారపు చుట్టగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి ఆరబెట్టాకే అల్లండి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇంటింటా చెబుతారు. నూలుకు రంగు అద్దే సమయంలో ఉప్పు సాయపడే మాట నిజమే, అద్దేశాక దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. వెనిగర్ అంతకంటే తక్కువ.

అల్లేశాక దిగిందా, ఆరనివ్వకండి, ఇస్త్రీ చేయకండి. పెద్ద బకెట్ నిండా నీళ్లు పోసి, కాస్త సబ్బు వేసి నానబెట్టి, రంగు దిగినప్పుడల్లా నీళ్లు మార్చండి. దిగిన రంగు మళ్లీ తెలుపు మీద కూర్చోకుండా ఉండాలంటే నీళ్లు దండిగా ఉండాలి. తర్వాత పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, మడత లేకుండా పరిచి, ఫ్యాను కింద త్వరగా ఆరనివ్వండి. తడి మడతలో రాత్రంతా ఉంటే అంతవరకు పడ్డ శ్రమ వృథా. నూలు లేసైతే ఆరే ముందు థర్మోకోల్ పలక మీద మొనలన్నీ గుండుసూదులతో లాగి గుచ్చి, పలుచటి గంజి అద్దండి. గంజి పెట్టినదాన్ని మాత్రం బీరువాలో నెలల తరబడి దాచవద్దు, పురుగు పడుతుంది. దాచాలంటే గంజి పోయేలా జాడించి, పూర్తిగా ఆరాక దాచండి.