కొండలెక్కాలంటే ముందు ఊరి గైడ్‌ని మాట్లాడుకోండి

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్తున్నామని మా కూకట్‌పల్లి కుర్రాళ్లు చెబితే, నేను మొదట అడిగేది బూట్ల గురించి కాదు, గైడ్ గురించి. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు, ఆ శిఖరం దాదాపు 3,800. అక్కడ గాలి పల్చన. తలనొప్పి, వికారం మొదలైతే మనం ప్రయాణం బడలిక అనుకుని నడుస్తూనే ఉంటాం. ఆ ట్రెక్ మొదలయ్యే సాంక్రీ ఊరి వైపు పుట్టి పెరిగిన గైడ్ మాత్రం ముఖం చూస్తాడు, పళ్లెంలో అన్నం ఎందుకు వదిలేశారని అడుగుతాడు. తగ్గకపోతే కిందికి దింపేస్తాడు. వాదించకండి, ఎత్తు వల్ల వచ్చే ఆ జబ్బుకి అసలు మందు దిగడమే.

మంచు పడితే దారి కనిపించదు. అతను కర్రతో పొడిచి చూశాకే అడుగేస్తాడు, మీరూ అదే అడుగులో అడుగేయండి.

గైడ్ అడిగే డబ్బుల్లో భోజనం, పర్మిట్, సామాను మోసేవాళ్ల కూలి కలిసి ఉన్నాయా అని ముందే తేల్చుకోండి. ఒకరికి బాగోలేకపోతే వెనక్కి ఎవరు తీసుకొస్తారో కూడా అడగండి. దీనికి నీళ్లు నమిలితే ఇంకొకరిని చూసుకోండి. భాష గురించి టెన్షన్ వద్దు, మన హైదరాబాదీ హిందీ చాలు. సెలవుల్లేవని రోజులు మాత్రం కుదించమనకండి: 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు.