ట్రిగ్గర్ కెలికేముందు పెల్లెట్ మార్చండి

పది మీటర్ల దూరంలోని గురికి కొట్టే ఎయిర్ రైఫిల్ కొత్తగా కొన్నవాళ్లు గ్రూపింగ్ (షాట్లన్నీ ఒకేచోట పడటం) రావట్లేదని ముందు ట్రిగ్గర్, సైట్లు (గురి చూసే భాగాలు) కెలుకుతారు. వాటి జోలికెళ్లకండి, పెల్లెట్ (రైఫిల్‌లో వేసే చిన్న గుండు) మార్చి చూడండి. డబ్బా మీద 4.5 మి.మీ. అనే ఉన్నా తల సైజు 4.49, 4.50, 4.51 అని తేడాలుంటాయి. పక్కవాళ్ల బ్యారెల్‌కి పడింది మీ బ్యారెల్‌కి పడాలని లేదు. రేంజ్‌లో రైఫిల్‌ని వైస్‌కి (కదలకుండా పట్టి ఉంచే పరికరం) బిగించి ఒక్కో రకంతో పదేసి షాట్లు ఒకే గురికి కొట్టండి. రకం మార్చగానే వచ్చే మొదటి నాలుగైదు షాట్లు లెక్కేయొద్దు. చిల్లులన్నీ కలిసి ఒకే గుండ్రటి బెజ్జంలా వచ్చిందే మీ పెల్లెట్. గురి మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే మరి! కుదిరాక అదే లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైనవి) డబ్బాలు ఒకేసారి ఎక్కువ కొనేయండి. లాట్ మారిందా, మళ్లీ వైస్ దగ్గరికే.