సముద్రం కథలతో పిల్లలకి ఫ్రెండ్‌షిప్ గురించి చెప్పడం ఎలా?

మేముండేది చెన్నైలో, తిరువాన్మియూర్ సైడు. మావాడికి ఆరేళ్ళు, కింద ఆడుకోడానికెళ్ళి రోజు మార్చి రోజు ఎవరితోనో "కాయ్" కొట్టి పైకొస్తాడు (ఇక్కడ పిల్లలకి కాయ్ అంటే మన పచ్చి, మళ్ళీ కలిసిపోతే పళం). స్నేహం గురించి లెక్చర్ మొదలుపెడితే ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చుంటాడు, చేపల కథంటే మాత్రం అన్నం తినేస్తాడు కూడా.

ముందు ఆరోజు గొడవేంటో కనుక్కోండి. కథ దాన్ని బట్టి ఉండాలి, ఏదో ఒకటి చెప్పేస్తే అతకదు. నమ్మకం దగ్గర పేచీ అయితే నేను రొయ్య, గోబీ చేప కథ చెప్తా. గోబీ అనగానే "మంచూరియానా?" అంటారు, నవ్వనివ్వండి. ఈ రొయ్యకి కళ్ళు సరిగ్గా ఆనవు, కానీ ఇసకలో బొరియ తవ్వడంలో దిట్ట. చేపకి తవ్వడం రాదు, చూపు బాగుంటుంది. అందుకని రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి, రొయ్య ఇసక బయటికి తోస్తున్నంతసేపు చేప గుమ్మంలో కాపలా, రొయ్య తన మీసం ఒకటి చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. ఏదైనా వస్తోందనిపిస్తే చేప తోక ఆడిస్తుంది, రొయ్య లోపలికి దూకేస్తుంది, వెనకే చేప కూడా.

కథ అయ్యాక ఆడించండి, అసలు పని జరిగేది ఇక్కడే. ఒకళ్ళకి తువ్వాలుతో కళ్ళు కట్టి ఇంకొకళ్ళ భుజం మీద చెయ్యి వేయించాలి, తడితే సోఫా వెనక్కి పరుగు. మావాడు చేప అయ్యి తమాషాకి మూడుసార్లు ఉత్తుత్తినే తట్టాడు, నాలుగోసారి వాళ్ళక్క కదల్లేదు. నేనేమీ అనలేదు. మీరూ అనకండి, "దీన్నిబట్టి ఏం తెలిసింది?" అన్న ప్రశ్న అస్సలొద్దు.

మోసపోయి ఏడుస్తూ వస్తే వేరే కథ. క్లీనర్ రాస్ అని నీలం చారల బుల్లి చేప ఉంటుంది, పెద్ద చేపలు నోరు తెరిస్తే లోపలికి కూడా వెళ్ళి పురుగుల్ని తినేసి శుభ్రం చేస్తుంది. అచ్చం అదే చారలతో ఇంకో చేపుంది, అది క్లీన్ చేస్తానన్నట్టు దగ్గరికొచ్చి రెక్క కొరికి పారిపోతుంది. మరి ఎలా గుర్తుపట్టాలి అని అడిగి ఊరుకోండి, పిల్లల జవాబులు మనకంటే బాగుంటాయి. కొంచెం పెద్దపిల్లలైతే ఇంకో సంగతి కూడా చెప్పొచ్చు, అసలు క్లీనర్ కూడా అప్పుడప్పుడూ కొరుకుతుంది, అప్పుడు పెద్ద చేప విదిలించుకుని వెళ్ళిపోతుంది.

"అవి నిజంగా ఫ్రెండ్సేనా?" అంటే అబద్ధం చెప్పకండి. ఒకదాని పని ఇంకోదానికి ఉపయోగం, ఇష్టం సంగతి చేపనే అడగాలి అంటా నేను.

వీలైతే ఫిబ్రవరి, మార్చిలో బెసంట్ నగర్ బీచ్‌కి తీసుకెళ్ళండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే సీజన్, 1988 నుంచీ స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ వాలంటీర్లు రాత్రిళ్ళు తీరం వెంట నడిచి గుడ్లని జాగ్రత్తగా హేచరీకి చేరుస్తున్నారు. ఒక్కో గూట్లో వంద పైనే ఉంటాయి, గుడ్లు పగిలాక పిల్లలన్నీ కలిసి ఇసకని తన్నుకుంటూ పైకొస్తాయి, ఒంటరిగా రావడం చాలా కష్టం. తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు ఫోన్ ఫ్లాష్, టార్చ్ వెయ్యకండి, వెలుతురుకి దారి తప్పుతాయి.

కిందటేడు చూసి వస్తుంటే మావాడు అడిగాడు, నీళ్ళలోకి వెళ్ళాక కూడా కలిసే ఉంటాయా అని. లేదు నాన్నా, దేని దారి దానిదే అన్నా. ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత హైదరాబాద్ వెళ్ళిపోయిన ఎల్‌కేజీ ఫ్రెండ్ పేరు చెప్పి "వాడికి వీడియో కాల్ చెయ్యనా?" అన్నాడు. పదైపోయింది, రేపు చేద్దాం అన్నా, పొద్దున్న ఆరింటికే ఫోన్ పట్టుకుని నా మంచం పక్కన నిలబడ్డాడు.