గోపాల్‌పూర్‌లో వింగ్ ఫాయిలింగ్: నీళ్లలో దిగే ముందు

వింగ్ ఫాయిలింగ్ అంటే చేత్తో గాలి రెక్క (వింగ్) పట్టుకుని, అడుగున నీటి రెక్క (ఫాయిల్) ఉన్న బోర్డు మీద నీళ్లపై తేలుతూ పోవడం. ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో ఎండాకాలం గాలులు మొదలవుతున్నాయి. బరంపురం నుంచి బోర్డులు తెచ్చుకునే మనవాళ్లు ఇవి తప్పక చూసుకోండి.

• ఒడ్డు నుంచి సముద్రంలోకి గాలి వీస్తుంటే అసలు దిగొద్దు. ఒడ్డు దగ్గర నీళ్లు నెమ్మదిగా కనిపించి మోసం చేస్తాయి. లోపలికి పోయేకొద్దీ గాలి పెరుగుతుంది, వింగ్ చిరిగితే వెనక్కి రాలేరు. తెల్లవారుజామున ఎక్కువగా ఈ గాలే. పిడికెడు పొడి ఇసుక వదిలి చూడండి, ఎటు పోతుందో తెలుస్తుంది. ఒడ్డు వెంబడి వీచే నైరుతి గాలి మేలు.

• నడుము లోతు దాటాకే బోర్డు ఎక్కండి. ఫాయిల్‌ను బోర్డు కింద పట్టి ఉంచే కడ్డీ (మాస్టు) 70-90 సెంటీమీటర్లు ఉంటుంది, ఇసుకకు తగిలితే ముందుకు విసిరేస్తుంది. ఇక్కడ ఒడ్డున విరిగే కెరటం చాలా బలమైనది. హెల్మెట్ తీయొద్దు.

• అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) ఎక్కడ వేశారో నోలియా పెద్దలను, అంటే ఇక్కడి జాలరి పెద్దలను అడగండి. తెలుగులోనే చెబుతారు. ఫాయిల్ వలలో పడితే మీకూ ప్రమాదం, వాళ్ల కూడూ పోతుంది.

• రెండు లీష్‌లూ (బోర్డునూ, వింగ్‌నూ మీకు కట్టి ఉంచే తాళ్లు) లాగి చూడండి.

• ఏప్రిల్, మే సాయంత్రాల్లో వాయవ్యాన మబ్బు నల్లబడితే వెంటనే బయటికి రండి. ఈదురుగాలి నిమిషాల్లో వచ్చేస్తుంది.

• తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో రుషికుల్య నది మొగ వైపు వెళ్లకండి.