గడ్డి కోసే యంత్రం ఇంజను స్టార్టు కాకపోతే

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో జూన్‌లో వానలు మొదలైతే బడి ఆవరణల్లోనూ ఇళ్ల పెరళ్లలోనూ గడ్డి చూస్తుండగానే ఏపుగా పెరుగుతుంది. శీతాకాలం నుంచి మూలన పడి ఉన్న పెట్రోలు లాన్ మోవర్‌ను బయటకు తీసేది అప్పుడే. ఎన్నిసార్లు తాడు లాగినా ఇంజను అందుకోకపోతే దాన్ని బరంపురానికో శ్రీకాకుళానికో మోసుకుపోవలసి వస్తుందని చాలామంది దిగులుపడతారు. ఇలా నెలల తరబడి వాడని యంత్రం మొరాయించిందంటే ముందుగా అనుమానించవలసింది అందులో మిగిలిపోయిన పాత పెట్రోలునే. ఆ లోపాన్ని ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు స్పార్క్ ప్లగ్ మీది రబ్బరు టోపీని ఊడదీసి పక్కకు పెట్టాలి. టోపీ తగిలించి ఉన్నప్పుడు బ్లేడును చేత్తో తిప్పితే ఇంజను ఒక్కసారిగా అందుకునే ప్రమాదం ఉంది. వేళ్లు పోయేది అలాగే. యంత్రాన్ని వంచవలసి వస్తే కార్బురేటరు, ఎయిర్ ఫిల్టరు ఉన్న వైపు పైకి ఉండేలా వంచాలి. లేకపోతే ఇంజను ఆయిలు ఫిల్టరులోకి దిగి కొత్త ఇబ్బంది తెస్తుంది.

పెట్రోలు కుళాయి తెరిచి ఉందా, ఆయిలు గుర్తు వరకు ఉందా, హ్యాండిల్‌కు అడ్డంగా ఉండే కడ్డీని నొక్కి పట్టుకునే తాడు లాగుతున్నారా అన్నది మొదట చూసుకోవాలి. ఆ కడ్డీని వదిలితే చాలా మోడళ్లలో ప్లగ్‌కు కరెంటు అందదు.

ఆ తరువాత పెట్రోలు సంగతి. బంకుల్లో ఇప్పుడు అమ్మే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. మరోవైపు పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం క్రమంగా పోయి, మిగిలినది జిగురుగా మారి కార్బురేటరులోని సన్నని రంధ్రాలను మూసేస్తుంది. కాబట్టి నెల దాటి నిలవ ఉన్న పెట్రోలును నమ్మకుండా, ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, బంకు నుంచి తెచ్చిన తాజా పెట్రోలు పోయాలి. దారి పక్క దుకాణాల్లో సీసాల్లో పెట్టి అమ్మే పెట్రోలు ఎన్నాళ్లదో, అందులో ఏమి కలిసిందో తెలియదు గనుక ఈ పనికి అది వద్దు. జీడితోటల్లో భుజానికి తగిలించుకుని వాడే టూ-స్ట్రోక్ బ్రష్ కట్టరైతే కంపెనీ పుస్తకంలో చెప్పిన పాళ్లలోనే ఆయిలు కలపాలి: 40కి 1 అంటే లీటరుకు 25 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20 మిల్లీలీటర్లు.

తాజా పెట్రోలు పోసి, ఊడదీసిన ప్లగ్ టోపీని మళ్లీ తగిలించి, చోక్ (ఇంజనులోకి వెళ్లే గాలిని తగ్గించే మీట) మూసి, నాలుగైదు సార్లు తాడు లాగినా ఫలితం లేకపోతే ఇంకా లాగుతూ పోవడం వల్ల చేతులు నొప్పి పెట్టడమే తప్ప లాభం లేదు. అక్కడ ఆగి ప్లగ్ విప్పి దాని కొన చూడాలి. ఏ దారిన వెళ్లాలో ఆ కొనే చెబుతుంది. అది పొడిగా ఉంటే పెట్రోలు సిలిండరు వరకు రావడం లేదని అర్థం. తడిసి పెట్రోలు వాసన వేస్తుంటే, పెట్రోలు ఎక్కువై ఇంజను ముంచెత్తుకుపోయిందనో, రవ్వ పుట్టడం లేదనో గ్రహించాలి.

తడిగా ఉన్న ప్లగ్‌ను తుడిచి ఆరబెట్టి, చోక్ తెరిచి, ప్లగ్ లేకుండానే తాడును కొన్నిసార్లు లాగితే సిలిండరులో నిలిచిన పెట్రోలు బయటకు పోతుంది. ఒలికినదంతా ఆరిపోయి, ట్యాంకు మూత బిగించాక రవ్వను పరీక్షించాలి. ప్లగ్‌కు టోపీ తగిలించి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకుని, దాని మర చుట్లున్న భాగాన్ని ప్లగ్ రంధ్రానికి దూరంగా ఇంజను లోహానికి ఆనించాలి; మరొకరు కడ్డీ నొక్కి తాడు లాగాలి. ఇద్దరి పాదాలూ బ్లేడుకు దూరంగా ఉండాలి. నీడలో చూస్తే నీలి రవ్వ స్పష్టంగా కనిపిస్తుంది. కనిపించకపోతే కొత్త ప్లగ్ వేసి చూడాలి. కొనల మధ్య ఎడం చాలా ఫోర్-స్ట్రోక్ మోవర్లకు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది. కొత్త ప్లగ్‌తోనూ రవ్వ రాకపోతే స్టాప్ స్విచ్ తీగను ఎలుకలు కొరికాయేమో చూడాలి; గొడ్ల పాకల్లో, ధాన్యం గదుల్లో పెట్టిన యంత్రాలకు ఇది తరచుగా జరుగుతుంది.

ప్లగ్ పొడిగా ఉంటే కార్బురేటరు అడుగున ఉండే గిన్నెను విప్పాలి. గిన్నెలో పెట్రోలు లేకపోతే గొట్టమో కుళాయో మూసుకుపోయింది, లేదా ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయింది. పెట్రోలు ఉంటే లోపం జెట్‌లోనే, అంటే పెట్రోలును కొలతగా వదిలే సన్నని రంధ్రమున్న ముక్కలోనే. దాన్ని కార్బురేటర్ క్లీనర్‌తో కడగాలి. గట్టి ఇనుప తీగ దూర్చితే రంధ్రం పెద్దదై కొత్త జెట్ కొనవలసి వస్తుంది. స్పాంజి ఫిల్టరును సబ్బునీళ్లతో ఉతికి ఆరబెట్టవచ్చు. కాగితపు ఫిల్టరు తడిస్తే మార్చాలి.

బ్లేడు రాయికో మొద్దుకో తగిలి ఆగిపోయిన యంత్రం సంగతి వేరు. ఫ్లైవీల్ (ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం) కింద ఉండే చిన్న కీ తెగితే రవ్వ సరైన సమయంలో పుట్టదు. తాడు ఎదురు గుంజుతుంది. తాడు ఏ ప్రతిఘటనా లేకుండా వదులుగా వచ్చేస్తుంటే వాల్వులోనో పిస్టన్ రింగుల్లోనో లోపం ఉందనుకోవాలి. ఈ రెండింటికీ మెకానిక్ కావాలి. పెట్రోలు మార్చామని, రవ్వ వస్తోందని, ప్లగ్ తడిగానో పొడిగానో ఉందని అతనికి ముందే చెబితే చేసిన పరీక్షలే మళ్లీ చేసి కూలి తీసుకునే అవసరం రాదు.