మార్గళి కచేరీలకు చెన్నై వెళ్తున్నారా? ముందు పేట ఎంచుకోండి

మార్గళి అనే తమిళ నెల వచ్చిందంటే, డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా చెన్నైలో పొద్దున్నుంచి రాత్రి వరకు ఎక్కడో ఒకచోట కర్ణాటక సంగీత కచేరీ నడుస్తూనే ఉంటుంది. కొత్తవాళ్ళు పేరున్న గాయకుల జాబితా రాసుకుని ఊరంతా తిరుగుతారు, సగం సాయంత్రం ఆటోలోనే పోతుంది. అందుకే ముందు పేట, తర్వాత గాయకుడు.

టీటీకే రోడ్డు మీద మ్యూజిక్ అకాడమీ, నారద గాన సభ ఉన్నాయి (కచేరీలు నడిపే సంస్థలను ఇక్కడ సభలంటారు). ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి వెళ్ళొచ్చు. ఆ పక్కనే మైలాపూర్: రసిక రంజని సభ, భారతీయ విద్యాభవన్, మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్ క్లబ్. ఈ రెండు పేటలనూ ఒకే రోజులో కలుపుకోవచ్చు. వాణీ మహల్, కృష్ణ గాన సభ ఉన్న టీ నగర్‌ను మాత్రం వాటితో కలపకండి. అక్కడి పాండీ బజార్ రద్దీలో సాయంత్రం ఆరు గంటలకు ఏ బండీ కదలదు. బస మైలాపూర్‌లో, లజ్ కూడలి దగ్గర చూసుకుంటే మేలు. తిరుమయిలై లోకల్ రైలు స్టేషన్ కూడా అక్కడే.

సభల కార్యక్రమ పట్టికలు కాస్త ముందుగానే వస్తాయి. అవి చూశాకే రైలు టికెట్ తీయండి. అకాడమీలో సాయంత్రపు సీట్లలో చాలా భాగం సీజన్ టికెట్లకే పోతుంది. రోజువారీ టికెట్లు తక్కువ కాబట్టి దొరకలేదంటే అక్కడే తచ్చాడకుండా పక్క సభకు వెళ్ళిపోండి.

డబ్బు లేకుండా వినే దారి మధ్యాహ్నం. చాలా సభల్లో ఆ వేళ కచేరీలు ఉచితం, పాడేది ఎక్కువగా పైకొస్తున్న యువ గాయకులు. గొంతు తాజాగా ఉంటుంది, హాలు ఖాళీగా ఉంటుంది, నచ్చిన చోట కూర్చోవచ్చు. మా లెక్కలో సీజన్‌కు ప్రాణం ఇదే. అకాడమీలో పొద్దున జరిగే సోదాహరణ ప్రసంగాలూ వదులుకోవద్దు. ఒక రాగం గురించి పొద్దున విని, సాయంత్రం అదే రాగాన్ని ఆలాపనలో (పాటకు ముందు, సాహిత్యం లేకుండా రాగాన్ని విస్తరించి పాడేటప్పుడు) పట్టుకోగలిగితే చెవి ఒక్కసారిగా తెరుచుకుంటుంది.

సీటు విషయం. స్పీకర్ల కింద ముందు వరసల్లో కూర్చుంటే మృదంగం గాత్రాన్ని మింగేస్తుంది. హాలు మధ్యలో, నడిమి వరసలు మంచివి. మామూలుగా మనకు ఎడమ పక్క మృదంగం, కుడి పక్క వయొలిన్ ఉంటాయి. మృదంగం కుడి మూత ప్రేక్షకుల వైపే ఉంటుంది కాబట్టి వేళ్ళ పని చూడాలంటే కాస్త ఎడమకు జరగండి.

కచేరీ రెండున్నర గంటలనుకుంటే తరచు వర్ణం అనే ఆరంభ రచనతో మొదలై, సగం దాటాక ప్రధాన కృతి, అంటే అన్నిటికన్నా విస్తారంగా పాడే పాట వస్తుంది. దాని చివర తని ఆవర్తనం, అంటే గాత్రం ఆగి తాళవాద్యాలే వాయించే భాగం. అప్పుడే జనం లేచి క్యాంటీన్‌కు పోతారు. దయచేసి మీరు లేవకండి. గంటన్నరగా గాత్రానికి అణిగి వాయించిన మృదంగ విద్వాంసుడికి సొంతంగా దక్కేది ఆ పది పదిహేను నిమిషాలే. తప్పనిసరైతే రెండు పాటల మధ్య చప్పట్లప్పుడు లేవండి. ఆలాపన సాగుతుండగా సీటు మడత చప్పుడు హాలంతా వినిపిస్తుంది.

టిఫిన్ సాయంత్రం కచేరీకి ముప్పావు గంట ముందే ముగించండి. రెండు కచేరీల మధ్య విరామంలో క్యాంటీన్ క్యూ కదలదు. క్యాంటీన్‌కు కచేరీ టికెట్ అక్కర్లేదు.

తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది: త్యాగరాజు, శ్యామశాస్త్రి కృతులు, క్షేత్రయ్య పదాలు వింటుంటే మాట నేరుగా అర్థమవుతుంది. గాయకుడు నెరవల్‌కు (పాటలోని ఒక పాదాన్నే రకరకాలుగా అల్లి పాడటానికి) ఏ పాదం ఎత్తుకున్నాడో గమనించండి. ఒకే పాదాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పేటప్పుడు ఆ మాట ఎక్కడ విరిగింది, భావం నిలిచిందా అన్నది మీకే ముందు తెలుస్తుంది.

నాట్యం కోసం వచ్చేవాళ్ళు ప్రయాణం జనవరికి పెట్టుకోండి. అకాడమీ సంగీతోత్సవం జనవరి 1న సదస్సు అనే బిరుదు ప్రదాన సభతో ముగిశాకే అక్కడ నాట్యోత్సవం మొదలవుతుంది. తిరువాన్మియూర్‌లోని నాట్య, సంగీత విద్యాలయం కళాక్షేత్రకు పూర్తిగా ఒక సాయంత్రం కేటాయించండి. గొడుగు, పల్చటి శాలువా రెండూ సంచీలో ఉండాలి. బయట ఈశాన్య రుతుపవనాల వాన ఇంకా మిగిలుంటుంది, లోపల ఏసీ చలి.